బెంచీకి కారణం ఆటేనా, ఒప్పందమా?

సంపాదకులు గారికి,

నమస్కారములు. మీ పత్రిక క్రీడాపుటలో క్రికెట్‌తో పాటు ఫుట్‌బాల్‌కు కూడా ఇటీవల చోటు పెరగడం, ఉన్నత పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసి పదవీ విరమణ చేసిన నాకు ఎంతో సంతోషం కలిగించింది. మా కావలిలో సాయంత్రం మైదానానికి వచ్చే పిల్లలు ఆ వార్తలను శ్రద్ధగా చదువుతారు, చదివి వచ్చి నన్ను ప్రశ్నలు వేస్తారు. వాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటే: అంత బాగా ఆడేవాణ్ని కోచ్ ఎందుకు కూర్చోబెట్టాడు? మీ వార్తల్లో దీనికి దొరికే సమాధానాలు సాధారణంగా మూడు. ఫామ్ పోయిందనో, గాయమైందనో, కోచ్‌తో పడలేదనో రాస్తారు. నిజానికి వృత్తి ఫుట్‌బాల్‌లో ఆటగాడు ఎన్ని నిమిషాలు మైదానంలో ఉంటాడనేది చాలాసార్లు అతడు సంతకం చేసిన ఒప్పందాన్ని బట్టి కూడా ఉంటుంది. ఈ నాలుగో కారణాన్ని మన పత్రికలు దాదాపుగా పట్టించుకోవడం లేదు. మన జిల్లాల నుంచి కూడా పిల్లలు అకాడమీలకూ క్లబ్బులకూ వెళ్తున్న ఈ రోజుల్లో ఇది విదేశీ వ్యవహారంగా మిగిలిపోదు కనుక, కొంచెం విపులంగా రాస్తున్నాను.

ఒప్పందం ఆటగాడికి జీతం హామీ ఇస్తుంది, మ్యాచ్ హామీ ఇవ్వదు. తుది జట్టులో ఎవరుండాలో నిర్ణయించే హక్కు క్లబ్బుదే. ప్రపంచ ఫుట్‌బాల్ సమాఖ్య అయిన ఫిఫా నిబంధనల ప్రకారం ఒప్పందం గరిష్ఠంగా 5 ఏళ్లు ఉండవచ్చు, 18 ఏళ్లు నిండని ఆటగాళ్లకైతే 3 ఏళ్లకు మించకూడదు. గడువు ముగియడానికి ఆరు నెలల ముందు నుంచి ఆటగాడు వేరే క్లబ్బుతో మాట్లాడుకోవచ్చు. గడువు ముగిసిన తర్వాత ఉచితంగా వెళ్లిపోవచ్చనే హక్కు మాత్రం మొదటి నుంచీ ఉన్నది కాదు. బెల్జియంలోని లీజ్ క్లబ్బులో 1990లో ఒప్పందం ముగిసిన జాన్ మార్క్ బోస్మన్ ఫ్రాన్స్‌లోని డంకర్క్ క్లబ్బుకు వెళ్లాలనుకుంటే, ఒప్పందం లేని మనిషి మీద కూడా బదిలీ రుసుము కావాలని పాత క్లబ్బు పట్టుబట్టింది. ఆయన న్యాయస్థానాలను ఆశ్రయించి ఏళ్ల తరబడి పోరాడగా, 1995 డిసెంబర్ 15న యూరోపియన్ న్యాయస్థానం ఆయన పక్షాన తీర్పునిచ్చింది. ఆయన ఆట జీవితం ఆ పోరాటంలోనే కరిగిపోయింది, ఫలితం మాత్రం తర్వాతి తరాలన్నిటికీ దక్కింది.

ఆ తీర్పుతో ఒప్పందంలోని చివరి ఏడాదికి కొత్త ప్రాముఖ్యం వచ్చింది. కోట్లు పోసి కొన్న ఆటగాడు ఒక్క ఏడాది ఆగితే చేతికి పైసా రాకుండా వెళ్లిపోతాడు కాబట్టి, ఆ లోపే అతనితో కొత్త సంతకం పెట్టించాలి, లేదా అమ్మేయాలి. అతడు రెండింటికీ ఒప్పుకోకపోతే క్లబ్బు చేతిలో మిగిలే ఆయుధం మైదానమే. ఆడించకుండా ఉండడమే ఒత్తిడి.

పారిస్ సెయింట్ జెర్మెయిన్ క్లబ్బు చరిత్ర చూస్తే ఇది స్పష్టంగా కనబడుతుంది. అడ్రియన్ రాబియో 2018 డిసెంబరులో ఒప్పందం పొడిగించుకోనని చెప్పగానే, అతడు నిరవధికంగా బెంచీకే పరిమితమని క్లబ్బు అధికారి బహిరంగంగా ప్రకటించాడు. ఆ తర్వాత రాబియో ఆ క్లబ్బు తరఫున మళ్లీ ఆడనే లేదు. 2019 వేసవిలో గడువు తీరి జువెంటస్‌కు వెళ్లేదాకా అతని వయసులో విలువైన ఆరు నెలలు అలా గడిచిపోయాయి. 2023లో ఎంబాపె, తన ఒప్పందాన్ని 2025 వరకు పొడిగించే అవకాశాన్ని వాడుకోనని లేఖ రాస్తే, జపాన్, కొరియా పర్యటనకు అతణ్ని తీసుకెళ్లలేదు, సీజన్ తొలి మ్యాచ్‌లో లోరియాంపై ఆడించలేదు. అంతలోనే రాజీ కుదిరి జట్టులోకి వచ్చాడు. ప్రపంచకప్ ఫైనల్లో మూడు గోల్స్ కొట్టిన మనిషి ఫామ్ ఒక వేసవిలో పోయి, వారం రోజుల్లో తిరిగి రాదు కదా. ఇక 2025లో గోల్‌కీపర్ డోనరుమ్మ సంగతి. మే నెలలో క్లబ్బుకు తొలి చాంపియన్స్ లీగ్ కప్పు రావడంలో అతనికి పెద్ద పాత్ర ఉంది, ఆగస్టులో సూపర్ కప్ జట్టులో మాత్రం అతని పేరు లేదు. ఒప్పందంలో మిగిలింది ఏడాదే, కొత్త షరతుల మీద అంగీకారం కుదరలేదు. వేరే తరహా గోల్‌కీపర్ కావాలనుకున్నానని కోచ్ లూయిస్ ఎన్రికే చెప్పాడు, ఆ మాటను నేను కొట్టిపారేయను. అయితే ఒప్పందం మూడేళ్లు మిగిలి ఉంటే ఆ నిర్ణయం అంత త్వరగా వచ్చేదా అనే ప్రశ్న పాఠకుడికి రావాలి, అలా రావాలంటే ముందు ఆ గడువు సంగతి వార్తలో ఉండాలి.

గడువు ఒక ఎత్తయితే, ఒప్పందంలోని లెక్కలు మరొక ఎత్తు. ఫలానా సంఖ్యలో మ్యాచ్‌లు ఆడితే ఇంత బోనస్ అనీ, ఇన్ని నిమిషాలు ఆడితే పాత క్లబ్బుకు ఇంత చెల్లించాలనీ రాసుకుంటారు. గ్రీజ్‌మన్ ఉదంతం దీనికి నాకు తెలిసినంతలో అన్నిటికంటే స్పష్టమైన ఉదాహరణ కనుక కాస్త వివరంగా చెబుతాను. 2019లో అట్లెటికో మాడ్రిడ్ నుంచి 12 కోట్ల యూరోలకు బార్సిలోనా అతణ్ని కొన్నది. 2021 ఆగస్టు చివర్లో లోన్ మీద, అంటే కొంత కాలానికి అద్దెకిచ్చినట్లు, తిరిగి అట్లెటికోకే పంపింది. ఆడడానికి సిద్ధంగా ఉన్న మ్యాచ్‌లలో కనీసం సగం మ్యాచ్‌లలో అతడు 45 నిమిషాలకు మించి ఆడితే, అట్లెటికో అతణ్ని 4 కోట్ల యూరోలకు తప్పనిసరిగా కొనాలని షరతు ఉన్నట్లు అప్పట్లో పత్రికలన్నీ రాశాయి. 2022-23 సీజన్ మొదలయ్యాక ప్రేక్షకులు ఒక వింత గమనించారు. మ్యాచ్ తర్వాత మ్యాచ్ గ్రీజ్‌మన్ బెంచీ మీద కూర్చుంటాడు, గంట దాటాక లేచి మైదానంలోకి వస్తాడు. మిగిలిన సమయం అరగంట లోపే కాబట్టి 45 నిమిషాల లెక్కలోకి ఆ మ్యాచ్ చేరదు. వాలెన్సియాపై 64వ నిమిషంలో వచ్చి రెండు నిమిషాల్లో గోల్ కొట్టి జట్టును గెలిపించాడు. పోర్టోపై కూడా ఆలస్యంగానే దిగి, అదనపు సమయం చివర్లో గెలుపు గోల్ కొట్టాడు. ఇలా గెలిపించిన మనిషే మళ్లీ మ్యాచ్‌కు బెంచీ మీదే కనిపించాడు. అక్టోబరులో రెండు క్లబ్బులూ కూర్చుని దాదాపు సగం ధరకు బేరం కుదుర్చుకున్న తర్వాత గ్రీజ్‌మన్ మొదటి నిమిషం నుంచి ఆడసాగాడు. అతని కాళ్లలో మార్పేమీ లేదు, మారింది కాగితం ఒక్కటే. ఆ నెలల స్కోర్ పట్టిక మాత్రమే చూసిన కుర్రవాడు, గ్రీజ్‌మన్ పనైపోయింది కాబోలు అనుకుంటాడు.

దీనికి విరుద్ధంగా పనిచేసే షరతులు కూడా ఉన్నాయి. పెద్ద క్లబ్బులు తమ యువకులను లోన్ మీద పంపేటప్పుడు, ఆడించకపోతే అద్దె ఎక్కువ చెల్లించాలనీ, ఆడిస్తే తగ్గిస్తామనీ రాయించుకోవడం ఇంగ్లండులో పరిపాటి. అలాంటి కుర్రవాడు సొంత అకాడమీలో పెరిగిన తోటివాడి కంటే ముందు జట్టులోకి వస్తే, అందులో ప్రతిభ ఎంతో, రుసుము ఎంతో విడదీసి చెప్పడం కోచ్‌కే కష్టం. లోన్ల పేరుతో పదుల సంఖ్యలో ఆటగాళ్లను పోగుచేసి పంచిపెట్టే పద్ధతి శృతి మించడంతో ఫిఫా 2022 నుంచి పరిమితులు పెట్టింది. 2024 జూలై నుంచి ఒక క్లబ్బు దేశాంతరం పంపగల లోన్లు ఆరు, తెచ్చుకోగలవి ఆరు. 21 ఏళ్లలోపు సొంత శిక్షణలో పెరిగిన వారికి మాత్రం మినహాయింపు ఉంది.

పెద్ద జీతాల విషయం అందరికీ తెలిసినదే, క్లుప్తంగా చెబుతాను. 2000లో చెల్సీలో నాలుగేళ్లకు సంతకం చేసిన విన్‌స్టన్ బొగార్డే ఆ నాలుగేళ్లలో ఆడిన లీగ్ మ్యాచ్‌లు 9. అంత జీతం ఇంకెవరూ ఇవ్వరు కనుక అతడు కదలలేదు, క్లబ్బు ఆడించలేదు. జనం అతణ్ని సోమరి అన్నారు గాని, ఇద్దరూ ఇష్టపడి చేసిన సంతకాన్ని అతడు నిలబెట్టుకున్నాడంతే, అందులో నాకు తప్పు కనబడదు. ఆర్సెనల్‌లో ఓజిల్ 2020-21లో ప్రీమియర్ లీగ్ 25 మంది జాబితాలోనే లేడు. జాబితాలో పేరు లేకపోతే బెంచీ భాగ్యం కూడా ఉండదు. అమెరికన్ బాస్కెట్‌బాల్ మీద 1995లో వెలువడిన ఒక పరిశోధన ఇంకో కోణం చూపింది. ఆటతీరు సమానంగా ఉన్నప్పుడు కూడా, కొత్త ఆటగాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో ముందు తీసుకున్న ఆటగాళ్లకే జట్లు ఎక్కువ నిమిషాలు ఇస్తున్నాయని అందులో తేలింది. ఒకసారి ఎక్కువ విలువ కట్టిన వాణ్ని కూర్చోబెడితే కొన్నవాడి తెలివితక్కువతనం బయటపడుతుందనే భయం ఏ ఆటలోనైనా ఒకటే.

అన్నిటికీ ఒప్పందమే మూలమని నేను వాదించడం లేదు. 2024-25లో లివర్‌పూల్‌లో సలా, వాన్ డైక్, అలెగ్జాండర్ ఆర్నాల్డ్ ముగ్గురూ చివరి ఏడాదిలోనే ఉన్నారు. అయినా సలా లీగ్‌లోని 38 మ్యాచ్‌లూ ఆడి 29 గోల్స్ కొట్టాడు, జట్టు చాంపియన్‌గా నిలిచింది, ఏప్రిల్‌లో అతడు కొత్త సంతకం కూడా చేశాడు. గెలవడం మీదే దృష్టి ఉన్న క్లబ్బు, భయపడని కోచ్ ఉంటే గడువు అడ్డు కాదు. అయితే సలాను బెంచీ మీద పెడితే అభిమానులు ఊరుకోరు. పేరు లేని కుర్రవాడి కోసం అడిగేదెవరు?

మా ప్రాంతం సంగతి చెప్పక తప్పడం లేదు. నా దగ్గర ఆడుకుని పెరిగిన ఒక అబ్బాయి పందొమ్మిదేళ్ల వయసులో వేరే రాష్ట్రంలోని ఒక క్లబ్బులో చేరాడు. ఆ క్లబ్బు పేరు ఇక్కడ అవసరం లేదు. సెలవులకు వచ్చినప్పుడు అతడు తండ్రితో కలిసి మా ఇంటికి వచ్చి, ప్లాస్టిక్ కవరులో దాచుకున్న ఒప్పందం ప్రతి నా చేతిలో పెట్టాడు. అంతా ఇంగ్లీషులో ఉంది. రెండేళ్ల ఒప్పందం, ఆపైన మరో ఏడాది పొడిగించే హక్కు క్లబ్బుకు మాత్రమే ఉంది, అబ్బాయికి లేదు. నెల జీతం చిన్నదే, మ్యాచ్ బోనస్ బాగుంది, కానీ 60 నిమిషాలు ఆడిన మ్యాచ్‌కే ఆ బోనస్ అని చిన్న అక్షరాల్లో రాసి ఉంది. "చాలా మ్యాచ్‌ల్లో యాభై, యాభై అయిదు నిమిషాలకే బయటికి పిలిచేవోళ్లు సార్, అలసిపోయినానేమో అనుకున్నా" అన్నాడు అబ్బాయి. క్లబ్బు కావాలనే అలా చేసిందని నేను అనలేను. ఆట అవసరం కావచ్చు. కానీ అలా చేయడానికి ప్రేరణ ఇచ్చే వాక్యం ఆ కాగితంలో ఉందనీ, అది అక్కడ ఉన్నంత కాలం ఆ అనుమానం పోదనీ మాత్రం అనగలను. రెండో ఏడాది చివరి నెలల్లో అసలు జట్టులోకే తీసుకోలేదు. పొడిగింపు మీద క్లబ్బు ఏదీ తేల్చలేదు, తేల్చేదాకా వేరేచోటికి వెళ్లడానికి లేదు.

ఆ తండ్రిది అల్లూరు వైపు రొయ్యల గుంటల సాగు. నేను ఇంగ్లీషు వాక్యాలను తెలుగులో చెబుతూ ఉంటే ఆయన చాలాసేపు ఊరకే విని, "గుంట లీజు ఇంకో ఏడుంటుందో లేదో తెలీకపోతే గట్టుకి మట్టి ఎవురు తోలతారు సార్? మావోడి మీద గూడా అట్టనే తోలలేదు" అన్నాడు. నేను ఫిఫా నిబంధనలు చదివి చెప్పగలిగినదంతా ఆయన తన లీజు పత్రాల అనుభవంతో ఒక్క వాక్యంలో చెప్పేశాడు. గడువు మీద నమ్మకం లేని కుర్రవాడికి నిమిషాలు ఇచ్చి నేర్పడమంటే, రేపు వేరే క్లబ్బుకు పోయే విలువను మన ఖర్చుతో పెంచడమే అని క్లబ్బు ఆలోచిస్తుంది.

ఫిఫా నిబంధనల్లో 15వ అధికరణం ఆటగాడికి ఒక రక్షణ ఇచ్చింది. ఒక సీజన్‌లో క్లబ్బు ఆడిన అధికారిక మ్యాచ్‌లలో 10 శాతం కంటే తక్కువ మ్యాచ్‌లలో ఆడిన ఆటగాడు, క్రీడాపరమైన న్యాయ కారణం చూపి ఒప్పందం నుంచి బయటికి రావచ్చు. చివరి మ్యాచ్ అయిన 15 రోజుల లోపల ఆ పని చేయాలి. పరిహారం చెల్లించవలసి రావచ్చు గాని, ఆడకుండా నిషేధం పడదు. చూడడానికి బాగానే ఉంది. అయితే ఈ హక్కు శిక్షణ దశ దాటి స్థిరపడిన వృత్తి ఆటగాళ్లకే. అంటే మ్యాచ్‌లు అన్నిటికంటే ఎక్కువ అవసరమైన పందొమ్మిది, ఇరవై ఏళ్ల కుర్రవాళ్లు సాధారణంగా దీని పరిధిలోకి రారు. పైగా, పది మ్యాచ్‌లలో చివరి అయిదేసి నిమిషాలు దించినా ఆ శాతం నిండినట్లు చూపించవచ్చు కదా అనే వాదనకు ఆస్కారం ఉంది. ఒప్పందం వదులుకునేలా లేదా షరతులు మార్చుకునేలా ఒత్తిడి చేయడానికి ఆటగాణ్ని వేధిస్తే, అది ఒప్పందం రద్దుకు న్యాయమైన కారణమే అని 2018లో మరో సవరణ తెచ్చారు. ఒంటరిగా సాధన చేయించడం వంటి పనులకు అది కొంత కళ్లెం వేసింది. కానీ జట్టుతో పాటే సాధన చేయిస్తూ మ్యాచ్ నాడు మాత్రం పక్కన పెడితే, దాన్ని వేధింపు అని నిరూపించడం కష్టమే. స్కాట్లండ్ ఆటగాడు ఆండీ వెబ్‌స్టర్ హార్ట్స్ క్లబ్బులో కొత్త ఒప్పందం కుదరక 2006లో జట్టుకు దూరమై, రక్షిత కాలం, అంటే ఏకపక్షంగా బయటికి వస్తే నిషేధం పడే ఒప్పందపు తొలి ఏళ్లు, ముగిసిందని చూపి ఏకపక్షంగా బయటికి వచ్చేశాడు. ఆ వివాదం అంతర్జాతీయ క్రీడా న్యాయస్థానం దాకా వెళ్లి, 2008లో పరిహారం 1,50,000 పౌండ్లుగా తేలింది. మన కుర్రవాళ్లకు ఆ న్యాయస్థానం ఉన్న లాజాన్ దాకా వెళ్లే స్తోమత ఎక్కడిది?

భారతదేశంలో పరిస్థితి ఇంకా కష్టంగా ఉంది. ఇండియన్ సూపర్ లీగ్‌లో ఒకేసారి నలుగురు విదేశీయులు మైదానంలో ఉండవచ్చు. ఖర్చు పెట్టి తెచ్చిన వాళ్లను సాధారణంగా గోల్ కొట్టే చోటనే ఆడిస్తారు కాబట్టి మన ఫార్వర్డ్‌లకు నిమిషాలు దొరకవు. జీతాలే అందని సందర్భాలూ చూశాం. 2021-22లో చాంపియన్‌గా నిలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ రెండేళ్లు తిరగకముందే బకాయిలతో ఆటగాళ్లను పోగొట్టుకుంది, ఇప్పుడు ఆ జట్టు ఢిల్లీకే తరలిపోయింది. 2025లో నిర్వాహకులకూ అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్యకూ మధ్య హక్కుల ఒప్పందం తేలక లీగ్ నిలిచిపోయినప్పుడు, బెంగళూరు ఎఫ్‌సీ వంటి క్లబ్బు కూడా ఆగస్టులో జీతాలు ఆపింది. ఆటగాళ్ల చేతిలో ఒప్పందాలున్నాయి, ఆడడానికి మ్యాచ్‌లు లేవు. 1950 నుంచి 1954 దాకా వరుసగా అయిదుసార్లు రోవర్స్ కప్ గెలిచిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టులో, కోచ్ రహీమ్ గారి కింద ఆడినవారికి పోలీసు ఉద్యోగం వేరుగా ఉండేది. ఆ భరోసా తీసేసి వృత్తి ఒప్పందం చేతికిచ్చినప్పుడు, ఆ ఒప్పందాన్ని చదివి అర్థం చేసుకునే అవకాశం కూడా వాళ్లకు ఇవ్వాలి.

కాబట్టి నేను కోరేది ఇది. ఒక ఆటగాణ్ని పక్కన పెట్టారని మీరు రాసినప్పుడు, అతని ఒప్పందం ఎప్పుడు ముగుస్తుందో, లోన్ మీద ఉన్నాడో లేదో, తప్పనిసరి కొనుగోలు షరతు ఉన్నట్లు వెలువడిందో లేదో ఒక్క వాక్యంలో జోడించండి. ఈ వివరాలు చాలావరకు బహిరంగంగానే దొరుకుతాయి. వీటితో పాటు ఫిఫా నిబంధనల్లో ఆటగాడి హక్కులకు సంబంధించిన అధికరణాలను, సమాఖ్య ఆటగాళ్ల హోదా కమిటీకి ఫిర్యాదు చేసే విధానాన్ని సరళమైన తెలుగులో మీ క్రీడాపుటలో ధారావాహికగా ప్రచురించండి.

సంతకానికి ముందు తల్లిదండ్రులు అడగవలసినవి కూడా కొన్ని ఉన్నాయి. పొడిగించే హక్కు ఒకరికే ఉందా, ఇద్దరికీ ఉందా? ఉంటే దాన్ని ఏ తేదీలోపు తేల్చాలి? బోనస్‌ను మ్యాచ్‌లో దిగినందుకు ఇస్తారా, ఇన్ని నిమిషాలు ఆడితేనే ఇస్తారా? సీనియర్ జట్టులో చోటు లేకపోతే లోన్ మీద ఆడే చోటికి పంపుతామని రాసి ఇస్తారా? నోటిమాటగా "మొదటి జట్టులోకి తీసుకుంటాం" అన్నదాన్ని కాగితం మీదికి తెమ్మంటే ముఖం మాడ్చే ఏజెంటు విషయంలో తొందరపడకూడదు. నెల్లూరు, ప్రకాశం జిల్లాల ఫుట్‌బాల్ సంఘాలు ఒక న్యాయవాదిని పెట్టుకుని, బయటి క్లబ్బులకు వెళ్లే పిల్లల ఒప్పందాలను ఉచితంగా చదివి చెప్పే ఏర్పాటు చేస్తే, దానికయ్యే ఖర్చు ఒక టోర్నమెంటు బహుమతి సొమ్ము కంటే ఎక్కువ కాదు. నెల్లూరు ఏసీ సుబ్బారెడ్డి స్టేడియంలో గానీ, ఒంగోలులో గానీ ఎంపిక పోటీలు జరిగిన రోజునే ఆ పని మొదలుపెట్టవచ్చు.

నా దగ్గరికి వచ్చిన అబ్బాయి గడువు ముగిశాక బయటపడి, ఇప్పుడు మరో చిన్న క్లబ్బుతో మాట్లాడుతున్నాడు. ఈసారి ముసాయిదా ముందే తెచ్చి చూపించాడు. అందులో పొడిగింపు నిబంధన పక్కన తేదీ లేదు. తేదీ వేసి పంపమని రాశాం, జవాబు కోసం చూస్తున్నాం.

భవదీయుడు,
విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు,
కావలి, శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా